తొమ్మిదో నంబరు రూటులో లేడీస్ సైకిలు

ఫిబ్రవరి 3, సోమవారం

డాక్టరు చీటీ మీద మోకాలి నొప్పి అని రాశాడు. నేను చెప్పిందే రాశాడు, పాపం. ఆరు వారాలు సెలవు. డిపోలో అందరూ నమ్మారు. బస్సు డ్రైవరుకి మోకాళ్ళు నొప్పి రాకపోతేనే వింత.

మా ఆవిడ మాత్రం "కుడిదా, ఎడమదా?" అని అడిగింది. "రెండూ" అన్నాను. ఇంకేం అడక్కుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ ఏమీ అడగలేదంటేనే నాకు భయం.

ఈ పుస్తకం పాత ట్రిప్ షీట్లది. వెనకవైపు అంతా ఖాళీ. ఇరవై రెండేళ్ళుగా ఇలాంటి వాటిలో నేను రాసిందల్లా బయల్దేరిన టైము, చేరిన టైము, బ్రేక్‌డౌన్ ఉందా లేదా. అంతకు మించి రాయడం నాకు చేతనవుతుందా?

ఫిబ్రవరి 4

ఏం రాయాలో తోచలేదు. మోకాలు బాగానే ఉంది.

ఫిబ్రవరి 6, గురువారం

జరిగింది జరిగినట్టు ఒకసారి రాసేస్తే బుర్రలోంచి పోతుందేమో చూద్దాం.

జనవరి 11. మూడో ట్రిప్పు. పోస్టాఫీసు స్టాపులో ఆపడానికి స్టీరింగు ఎడమకి కోశాను. అదే పక్కన ఒక పెద్దావిడ సైకిలు మీద వస్తోంది. బస్సు ముందు మూల ఆవిడ వెనక చక్రానికి తగిలింది. ఆవిడ ఫుట్‌పాత్ మీదకి పడింది. సైకిలు బస్సు కింద పడింది. తుంటి ఎముక విరిగిందట. రిటైరైన నర్సట. ప్రాణానికి ముప్పు లేదని అదే రోజు చెప్పారు.

విచారణ జరిగింది. ఎడమ అద్దంలో చూశాను, ఎవరూ కనపడలేదు, ఆవిడ ఉన్నట్టుండి వచ్చింది అని రాసిచ్చాను. డ్రైవరు తప్పు లేదని తేల్చారు. చూశాను మరి.

ఆ తర్వాత మామూలుగానే డ్యూటీ చేశాను. పోయిన శనివారం అదే పోస్టాఫీసు స్టాపులో, జనం ఎక్కారు, కదలబోయాను, కుడికాలు బ్రేకు మీంచి లేవలేదు. లేవమంటే లేవదే! వెనక హారన్లు. మా కండక్టరు ముందుకొచ్చి "ఏమైందన్నా?" అన్నాడు. వాణ్ణి అందరూ రేడియో అంటారు, నిద్రలో తప్ప నోరు మూయడు. "మోకాలు పట్టేసింది" అన్నాను. ఇంకో డ్రైవరు వచ్చి బస్సు తీసుకెళ్ళాడు.

అంతే. అద్దంలో చూశాను.

ఫిబ్రవరి 10, సోమవారం

సెలవు కాగితాల మీద సంతకం పెట్టడానికి డిపోకి వెళ్ళాను. వర్క్‌షాపు వెనక, అరిగిన టైర్ల గుట్ట పక్కన ఆ సైకిలు ఉంది. ఆవిడ తరఫు వాళ్ళు అక్కర్లేదన్నారట. "రేపు పాత ఇనుము లారీ వస్తుంది, పీడ విరగడవుతుంది" అన్నాడు స్టోర్ కీపరు.

నాకేం పట్టిందో తెలీదు. భుజానికెత్తుకుని ఇంటికి తెచ్చేశాను. మోకాలి నొప్పి మనిషిని, గేటు దాకా కుంటుతూ నడవాల్సొచ్చింది. గేటు దాటాక కుంటడం మర్చిపోయాను.

"ఇదేమిటండీ?" అంది మా ఆవిడ.

"సైకిలు."

"అది నాకూ తెలుస్తోంది, కొంచెం జాగ్రత్తగా చూస్తే."

నిజమే, చూస్తే తప్ప తెలీదు. వెనక చక్రం అప్పడంలా అయిపోయింది. చైన్ కవరు నలిగిపోయింది. సీటు ఎటో చూస్తోంది. కానీ ముందు భాగం మాత్రం... యాభై అరవై ఏళ్ళ నాటి సరుకు. మధ్య కడ్డీ ఉండదు, హంస మెడలాగ ఒంపు తిరిగిన లేడీస్ ఫ్రేము. బ్రేకులకి తీగలు కావు, కడ్డీలు. నల్లరంగు మీద సన్నటి బంగారు గీత ఇంకా అక్కడక్కడా ఉంది. ఎవరో చేత్తో గీసిన గీత అది.

ఫిబ్రవరి 11

నాకెందుకు చెప్పు ఈ పీకులాట.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మార్కెట్ వెనక సందులో సైకిల్ షాపు ముసలాయన ఉన్నాడు. చక్రాల పుల్లలు బిగించడంలో అంత పేరు కాబట్టి పుల్లలాయన అంటారు. సైకిలు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"దీన్ని ఏనుగు తొక్కిందా?"

"బస్సు."

"నడిపినవాడికి కళ్ళు లేవా?"

వంగి పెడల్ తిప్పి చూశాను.

తను చెయ్యనన్నాడు. అంత టైము లేదట. "నువ్వు ఖాళీయేగా? ఆ పీట లాక్కో. నేను చెప్తా, నువ్వు చెయ్యి" అన్నాడు. ఏభై ఒకటో ఏట పీట మీద కూర్చుని శిష్యరికం మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 20

అటక మీంచి పాత రిమ్ము ఒకటి తీసిచ్చాడు. పుల్లలన్నీ నేనే ఎక్కించాను. ఇప్పుడు బెండు తియ్యాలి. చక్రాన్ని తిప్పుతూ పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకోవాలి. రిమ్ము ఎక్కడ ఉబ్బితే అక్కడ సుద్ద అంటుకుంటుంది. ఆ చోట అవతలి వైపు పుల్ల బిగించాలి. అదీ పావు తిప్పే. నేను సగం తిప్పాను. ఇంకోచోట ఉబ్బింది. దాన్ని సరిచేస్తే మరోచోట. తల ప్రాణం తోకకొచ్చింది.

"పావు అంటే పావు! బస్సు స్టీరింగు అనుకున్నావా?" అని నెత్తిన మొట్టినంత పని చేశాడు.

సాయంత్రానికి చక్రం తిరుగుతుంటే సుద్ద ఎక్కడా అంటలేదు. చూస్తూ కూర్చున్నాను, అలా ఎంతసేపు తిప్పానో. పుల్లలాయన "ఇంటికెళ్ళవయ్యా బాబూ, షాపు కట్టెయ్యాలి" అనేదాకా.

ఫిబ్రవరి 28, శుక్రవారం

తొక్కాను!

పొద్దున ఆరింటికి వీధిలో జనం లేకుండా చూసి ఎక్కాను. పాతికేళ్ళయింది సైకిలెక్కి. మొదటి పది గజాలు పాములా మెలికలు తిరిగాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "లేడీస్ సైకిలు మీద మీరు భలే ఉన్నారండీ" అంది. ఒళ్ళు మండింది గానీ ఏమన్నా అందామని తల తిప్పితే పడతాను. ముందుకే చూశాను.

మలుపు తిరిగాక దారిలో పడింది. కిర్రుమనదు, కటకటమనదు. చైను నూనెలో జారుతున్న చప్పుడు మాత్రం సన్నగా. వేడి ఇంజను పక్కన ఇన్నేళ్ళు కూర్చున్నవాణ్ణి, మొహానికి గాలి తగలడం అంటే ఏమిటో మర్చేపోయాను. ఎవరో వంటగదిలో గిన్నె కడుగుతున్న చప్పుడు వినపడింది. ఎవరో పిల్లని లేపుతున్నారు. అబ్బ, ఎంత బాగుందో! గట్టిగా అరవాలనిపించింది, సిగ్గేసి బెల్లు కొట్టాను.

6:05 బయల్దేరాను. 6:50 చేరాను. బ్రేక్‌డౌన్లు లేవు.

ఇంకో రెండు రోజులు తొక్కి చూసి, ఆదివారం ఆ నర్సుగారికి ఇచ్చేస్తాను.

మార్చి 2, ఆదివారం

సీటు స్ప్రింగు చప్పుడు చేస్తోంది. ఇలా ఎలా ఇస్తాం? వచ్చే ఆదివారం.

మార్చి 5

ఇవాళ నా మీద నాకే నవ్వొచ్చింది. నా తొమ్మిదో నంబరు రూటులోనే వెళ్తున్నాను. గ్రంథాలయం స్టాపు రాగానే పక్కకి తీసి ఆపాను. ఎందుకు ఆపానో తెలీదు. కాళ్ళు వాటంతటవే ఆపేశాయి. తర్వాతి స్టాపులోనూ ఆపాను. అక్కడ నిలబడ్డ సంచీల ఆవిడ, రోజూ నా బస్సెక్కే మనిషి, నన్ను ఎగాదిగా చూసి "ఎక్కమంటారా?" అంది. స్టాపంతా కడుపుబ్బ నవ్వింది.

మలుపుల దగ్గరా అంతే. వెనక పన్నెండు మీటర్ల బస్సు ఉన్నట్టు రోడ్డు మధ్యదాకా వెళ్ళి తిరుగుతున్నాను. ఒక ఆటోవాడు "సార్, మీ వెనక ఏం లేదు!" అని అరిచి పోయాడు.

మార్చి 8, శనివారం

రోజూ తొక్కుతున్నాను. పొద్దున గంట, సాయంత్రం గంట. నీళ్ళ ట్యాంకు దగ్గర రోడ్డు ఎత్తుగా ఉంటుందని ఇరవై రెండేళ్ళలో నాకు తెలీనే తెలీదు. గేరు మార్చేవాణ్ణి, అంతే. ఇప్పుడు నా తొడలు చెప్తున్నాయి. పైకి చేరేసరికి రొప్పు. అవతల దిగుడు. పెడల్ తొక్కకుండా కాళ్ళు చాపుకుని జారిపోవడమే. ఆ దిగుడు కోసం రెండుసార్లు చుట్టి వచ్చాను.

ఆకలేస్తోంది. రాత్రి పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రావడం లేదు.

మార్చి 9, ఆదివారం

బంగారు గీత పూర్తిగా గియ్యాలి. పుల్లలాయన దగ్గర సన్న కుంచె ఉందట. పైగా మబ్బు పట్టింది. వచ్చే ఆదివారం ఖాయం.

మార్చి 16, ఆదివారం

డైనమో.

మార్చి 17, సోమవారం

డిపో మేనేజరు పిలిచాడు. సెలవు ఏప్రిల్ 14 దాకా పొడిగించాడు. ఆ రోజు బస్సు నడిపి చూపించాలి. నడపలేకపోతే స్టీరింగు వదులుకుని టికెట్ల కౌంటర్లో కూర్చోవాలి. "మోకాలు కదా, ఎవరేం చేస్తారు" అన్నాడు జాలిగా.

తిరిగొస్తూ యార్డులో ఖాళీ బస్సొకటి ఎక్కి కూర్చున్నాను. తాళం తిప్పాను. కాలు బ్రేకు మీద పెట్టాను. తియ్యలేకపోయాను. ఖాళీ బస్సు, ఖాళీ యార్డు! దిగి సైకిలెక్కి ఇంటికొచ్చేశాను. సైకిలు మీద ఆ బాధేమీ లేదు, కాళ్ళు చక్కగా పని చేశాయి.

కౌంటర్లో ఎలా కూర్చుంటాను? రోడ్డు తప్ప నాకు ఇంకేమొచ్చు?

మార్చి 22

పోస్టాఫీసు స్టాపుకి వెళ్ళాను. ఇన్నాళ్ళూ ఆ వీధి తప్పించి పక్క సందులోంచి తిరుగుతున్నాను, ఇక్కడ రాయలేదు. ఇవాళ వెళ్ళాను. సైకిలు ఆపి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. మన బస్సులు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే, వాటి ఎడమ పక్కన పోయే సైకిళ్ళని చూశాను. వాచీ పట్టుకుని లెక్కపెట్టాను.

ఎనిమిది సెకన్లు. సైకిలు మనిషి ఎడమ అద్దంలో కనీసం ఎనిమిది సెకన్లు కనపడతాడు. ఉన్నట్టుండి రావడం కుదరదు.

మార్చి 23, ఆదివారం

చూశానా?

మార్చి 24

చూడలేదు.

రేడియో గాడు ముందుకొచ్చి మేనేజరు విగ్గు ఫ్యాను గాలికి లేచి ఫైళ్ళ మీద పడిన సంగతి చెప్తున్నాడు. నేను వాడివైపు తిరిగి పగలబడి నవ్వుతున్నాను. నవ్వుతూనే ఎడమకి కోశాను. అద్దం వైపు నా తల తిరగలేదు. అంతే జరిగింది. మొదటి నుంచీ తెలుసు నాకు. చూశాను అని రాసిచ్చాను. మోకాలు కాదు, మోకాళ్ళకి ఏ రోగమూ లేదు.

ఇక చాలు, పుస్తకం మూసేస్తున్నాను.

మార్చి 29, శనివారం

"ఆ నర్సమ్మగారు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి నెలయిందట" అంది మా ఆవిడ, నూనె గుడ్డతో మడ్‌గార్డు తుడుస్తూ. "ఎప్పుడిస్తారు?"

"నీకెలా తెలుసు?"

"సీటు కింద రేకు మీద ఆస్పత్రి పేరుంది. తెచ్చిన రోజే చూశా, అక్కడ వాకబు చేశా."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"మీరు నవ్వుతూ ఇంటికొస్తున్నారు కదా, ఎందుకులే అని ఊరుకున్నా. కానీ ఎన్నాళ్ళండీ? అది ఆవిడ సొత్తు."

అప్పుడు చెప్పాను, అద్దం సంగతి. మొత్తం. ఆవిడ గుడ్డ కింద పెట్టేసింది. తర్వాత "ఈ మాట నాకు కాదు చెప్పాల్సింది" అంది.

ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

ఏప్రిల్ 2

వెళ్ళాను. వీధి చివరి నుంచే తిరిగొచ్చేశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ఇచ్చేశాను. వరసగా రాస్తాను.

కింది వాటాలో ఉంటోంది నర్సమ్మగారు. తలుపు తీసే ఉంది. చేతికర్ర పట్టుకుని కుర్చీలోంచి లేచింది. పొట్టి మనిషి, డెబ్బై దగ్గర ఉంటాయి. గొంతు మాత్రం వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి వినపడే గొంతు. నన్ను కాదు, ముందు సైకిల్ని చూసింది. కర్ర టకటకలాడించుకుంటూ మెట్ల దాకా వచ్చింది.

"పారేయమని చెప్పేసిందే మా మేనకోడలు! ఎక్కడిది ఇది?" అంటూ హ్యాండిల్ మీద చెయ్యేసింది. ఫ్రేము ఒంపు తడిమింది. బంగారు గీత మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించింది. కళ్ళ నిండా నీళ్ళు. మళ్ళీ అంతలోనే "బెల్లు కుడివైపు ఎవడు పెట్టాడు? ఎడమవైపు ఉండాలి. చైనుకి నూనె ఎక్కువైంది, చీర పాడవుతుంది" అని అందుకుంది. నలభై ఒక్క ఏళ్ళు దీని మీదే డ్యూటీకి వెళ్ళిందట. ఈ చుట్టుపక్కల సగం మందిని పుట్టగానే చేత్తో పట్టుకున్నది తనేనట.

"ఇంతకీ నువ్వెవరు బాబూ? మెకానిక్కువా?"

"కాదమ్మగారూ. ఆ రోజు బస్సు నడిపింది నేనే."

"హమ్మయ్య" అంది. నాకేం అర్థం కాలేదు.

నిలబడే చెప్పాను. అద్దంలో చూడలేదని, చూశానని అబద్ధం రాసిచ్చానని. తల ఎత్తలేకపోయాను.

"తెలుసు" అంది ఆవిడ. "నీ అద్దంలో నువ్వు నాకు కనపడ్డావు. నువ్వు నాకు కనపడ్డావంటే నేనూ నీకు కనపడాలి కదా? తల అటు తిప్పుకుని నవ్వుతున్నావు. పడేముందు నేను చూసిన ఆఖరి వస్తువు నీ పళ్ళు."

"మరి విచారణలో..."

"అడగడానికొచ్చారు. గుర్తులేదన్నాను. ఉద్యోగం పోతుందేమో, ఇంట్లో ఎంతమందున్నారో అనుకున్నా. తర్వాత కోపం వచ్చింది నాయనా! తుంటి విరిగినందుకు కాదు. ఎముక అతుక్కుంటుంది, నర్సుని, నాకు తెలీదా? మూడు నెలలు! రేపొస్తాడు, ఎల్లుండొస్తాడు అని ఆస్పత్రిలో ఎదురుచూశా, ఇంటికొచ్చాక తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నా. నువ్వు రాకపోతివి."

మగాణ్ణి, ఏభై ఏళ్ళవాణ్ణి, వీధి గుమ్మంలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. మంచినీళ్ళు తెచ్చుకుని తాగమని వంటగది చూపించింది. తాగొచ్చాక, "నాకు చెప్పావు సరే. రాసిచ్చిన చోట ఏం చేస్తావు?" అంది.

నడిచి ఇంటికొచ్చాను. చాలా దూరం అనిపించింది.

ఏప్రిల్ 7, సోమవారం

మేనేజరు విగ్గు వైపు చూడకుండా మాట్లాడాను. "మూసేసిన ఫైలు నువ్వే ఎందుకు తెరుస్తున్నావయ్యా? మతి ఉండే మాట్లాడుతున్నావా?" అన్నాడు. కాగితం అడిగాను. ఎడమ అద్దంలో చూడలేదు అని రాసి సంతకం పెట్టాను. మోకాలి సంగతి కూడా రాశాను.

బయట రేడియో నిలబడి ఉన్నాడు. వాడు మాట్లాడకుండా నిలబడటం మొదటిసారి చూశాను.

"నా జోకు వల్లే కదన్నా" అన్నాడు చివరికి.

"నీ జోకు బాగానే ఉందిరా. నేను నవ్విన టైమే బాలేదు."

ఏప్రిల్ 11, శుక్రవారం

తేలింది. పద్నాలుగో తారీకు పరీక్ష లేదు. ఆరు నెలలు డ్రైవింగు బంద్, వర్క్‌షాపులో పని. సర్వీసు రికార్డులో ఎర్ర సిరా. అక్టోబరులో పరీక్ష పెడతారు, నడపగలిగితే సీటు నాది, లేకపోతే కౌంటరు. మా ఆవిడకి చెప్తే "ఆరు నెలలేగా" అంది. మేం ఇద్దరం కడుపునిండా అన్నం తిన్నాం.

ఏప్రిల్ 13, ఆదివారం

నర్సమ్మగారు కబురు పెట్టింది. ఏమిటో అని పరిగెత్తాను.

"ఈ సంవత్సరం నేను తొక్కకూడదట. అంతదాకా దీన్ని గోడకానించి తుప్పు పట్టించమంటావా? వర్క్‌షాపుకి దీని మీదే వెళ్ళు, రోజూ తొక్కు. పొద్దున్నే మాత్రం నన్ను ఫిజియోథెరపీకి దించు. క్యారియర్ మీద దిండు కట్టు."

"అమ్మగారూ, నా వెనక మనిషా? నా వల్ల కాదు. ఆటో పిలుస్తాను."

"ఆటోలో కుదుపులు. డాక్టర్ని అడిగాను, మెల్లగా అయితే పర్లేదన్నాడు. నీ వల్ల అవుతుందో లేదో నన్నడక్కు, ఎక్కి చూసుకో."

ఏప్రిల్ 14, సోమవారం

7:30కి వెళ్ళాను. దిండు నాలుగు చోట్ల కట్టాను. బెల్లు ఎడమవైపుకి మార్చాను. ఆవిడ మెట్టు మీంచి క్యారియర్ మీదకి పక్కగా కూర్చుంది, కర్ర ఒళ్ళో పెట్టుకుంది, వెనక నుంచి నా చొక్కా పట్టుకుంది. బరువు తెలిసింది. ఒక మనిషి బరువు.

కాలు నేల మీంచి లేవలేదు. మళ్ళీ అదే.

ఆవిడ తొందర పెట్టలేదు. అలా ఎంతసేపు నిలబడ్డామో, పాల వ్యాను ఒకటి వచ్చి దాటిపోయింది. వెనక్కి తిరిగి చూశాను. కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను, మళ్ళీ వెనక్కి. రోడ్డు ఖాళీ. పెడల్ మీద కాలు పెట్టాను. కదిలింది. ముందు చక్రం కాస్త ఊగింది, ఆవిడ పట్టు బిగిసింది, నిలదొక్కుకున్నాను.

నీళ్ళ ట్యాంకు ఎత్తు దగ్గర దిగి నడిపించాను. అవతల దిగుడులో బ్రేకు మీద రెండు చేతులూ వేసి ఇంచీ ఇంచీ దింపాను. పోస్టాఫీసు వీధి తిన్నగా, నున్నగా ఉంటుంది. అందులోంచే వెళ్ళాను. పక్కనుంచి తొమ్మిదో నంబరు బస్సు పోయింది. భయమేసింది, అయినా తొక్కాను.

స్టాపు దాటాక వెనక నుంచి ఉలుకూ పలుకూ లేదు. నా వీపుకి ఏదో ఆనినట్టుంది. ఆవిడ తల.

"అమ్మగారూ, నిద్రపోతున్నారా ఏమిటి? పడతారు!"

"నిద్ర కాదు. కాసేపు కళ్ళు మూసుకున్నా" అంది. "నువ్వు చూస్తున్నావుగా."

"చూస్తున్నానమ్మగారూ" అన్నాను.